గింజంత పురుగు

తేనెటీగల పెంపకం నేర్పేవాళ్ళు సాధారణంగా తేనెతో మొదలుపెడతారు. నేను చచ్చిన పిల్లపురుగులతో మొదలుపెట్టేవాణ్ణి. అది తప్పని తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ తప్పు వల్ల నష్టపోయింది మాత్రం నేను కాదు.

ఒక కళాశాలలో ముప్పైయొక్క సంవత్సరాలు జంతుశాస్త్రం చెప్పి 2011లో పదవీ విరమణ చేశాను. అన్నేళ్ళలో ఎన్ని బొద్దింకలను కోయించానో, ఎన్ని కప్పలను పలక మీద సూదులతో గుచ్చి పడుకోబెట్టించానో లెక్క లేదు. ప్రాణమున్న జీవిని తీరికగా కూర్చుని చూసింది మాత్రం విరమణ తరువాతే. పెరట్లో జామచెట్టు కింద రెండు పెట్టెలు పెట్టుకున్నాను. మన జుంటీగలే, అడవుల్లో చెట్టు తొర్రల్లోనూ పుట్టల్లోనూ గూడు కట్టే జాతి. రెండేళ్ళు గడిచేసరికి నాకు చాలా తెలుసుననిపించింది. సరిగ్గా ఆ దశలోనే నన్ను శిక్షణ ఇవ్వడానికి పిలిచారు. ఏ విద్యలోనైనా రెండో ఏడాది మనిషికి ఉన్నంత నమ్మకం పదో ఏడాదికి ఉండదు.

శిక్షణ చింతపల్లి వైపు కొండల్లో. 2013 నుంచి ఏటా వలిసె పూలు పూసే కాలంలో నాలుగు రోజులు. ఆ రోజుల్లో కొండవాలు అంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. పెట్టె ద్వారం దగ్గర దిగే ప్రతి ఈగ కాళ్ళకూ పసుపుపచ్చని పుప్పొడి మూటలు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు పాతిక ముప్పై మంది. సగానికి పైగా ఆడవాళ్ళు. తెలుగు చాలామందికి రెండో భాష, ఇళ్ళలో మాట్లాడేది కువి. నాలుగు రోజుల్లో రెండు రోజులు తెగుళ్ళకూ శత్రువులకూ కేటాయించింది నేనే. అందుకోసం అరవై నాలుగు బొమ్మలు సిద్ధం చేసుకుని, పంచాయతీ భవనంలో తలుపులు మూసి, గోడ మీద తెల్ల పంచె కట్టి వాటిని చూపించేవాణ్ణి. ఒక్కొక్క తెగులుకూ ఒక్కొక్క బొమ్మ, బొమ్మ కింద శాస్త్రీయ నామం. సాయంత్రం పరీక్ష. కొండమీద పిల్లవాడు 'మెలిసొకాకస్' అని తడబడకుండా పలికితే నాకు పరమానందంగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మొదటి మూడేళ్ళూ నిరాటంకంగా సాగిపోయాయి. 2016 బృందంలో ఒకావిడ ఉండేది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. రాయితీ మీద వచ్చిన మూడు పెట్టెలు అప్పటికే ఏడాదిగా ఆమె దగ్గర ఉన్నాయి; మొదటి ఏడాది మూడింటి మీదా కలిపి తొమ్మిది కిలోల తేనె తీసింది. జుంటీగలతో అది మంచి దిగుబడే. ఆ డబ్బుతో వసతిగృహంలో చదువుతున్న కొడుక్కి దుప్పటి, బూట్లు, పెట్టె కొన్నానని మొదటిరోజే చెప్పింది. తరగతిలో నోరు మెదిపేది కాదు. పరీక్షలో నామాలేవీ పలకలేకపోయింది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

డిసెంబరు నెలాఖరులో ఆమె నాకు ఫోను చేసింది. వాళ్ళ ఊళ్ళో అందదు కాబట్టి గుట్ట ఎక్కి చేసింది. ఒక పెట్టెలో ఈగలు పలచబడ్డాయనీ, మందకొడిగా ఉన్నాయనీ, పుప్పొడి తేవడం తగ్గించాయనీ చెప్పింది. మాట తెగుతూ అందుతూ ఉంది. నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను. బలహీనపడిన పెట్టెకు పంచదార పాకం పెట్టమన్నాను. బలంగా ఉన్న పెట్టెలోంచి పిల్లలున్న చట్రం ఒకటి తీసి దీనిలో పెట్టి, దీనిలోని ఖాళీ చట్రాన్ని అందులో పెట్టమన్నాను. పుస్తకాల్లో ఉన్న సలహాయే. రోగం లేని పెట్టెకు దివ్యౌషధం. రోగం ఉందా లేదా అని నేను అడగలేదు. పిల్లపురుగులు ఎలా ఉన్నాయమ్మా అన్న ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆమె చెప్పినట్టే చేసింది. ఖాళీ అనుకున్న ఆ చట్రం ఖాళీ కాదు. అరల అడుగున ఎండిపోయిన పిల్లపురుగుల తొక్కలు ఉన్నాయి. వాటిని శుభ్రం చేసిన ఈగలే లేత పిల్లలకు మేత పెట్టాయి. జనవరి రెండో వారానికి బలమైన పెట్టె కూడా కుంగిపోయింది. మధ్యలో ఆమె కిందికి దిగి పట్నంలో పశువుల మందుల దుకాణంలో అడిగితే, కొట్టువాడు ఒక యాంటీబయాటిక్ పొడి ఇచ్చి పాకంలో కలపమన్నాడట. అది వైరస్ మీద పనిచేసే మందు కాదు. నూట అరవై రూపాయలు దండగయ్యాయి.

నేను వెళ్ళేసరికి సంక్రాంతి దాటింది. ఒక పెట్టెలో ఈగలు లేచిపోయాయి. మన జుంటీగలకు ఇల్లు నచ్చకపోతే వదిలిపోవడం స్వభావం. తేనె ఉన్నా, పట్టు ఉన్నా, ఒక మధ్యాహ్నం మూకుమ్మడిగా లేచి అడవిలో పడతాయి. రెండోదానిలో గుప్పెడు ఈగలూ ఒక రాణీ మిగిలాయి. మైనపు పురుగు అప్పుడే పట్టుల్లో సొరంగాలు తవ్వి దారపు గూళ్ళు అల్లుతోంది. మూడోది ఇంకా నిలిచి ఉంది. ఆమె దాని మూత తీసి చట్రాన్ని ఎండకు వాల్చి పట్టుకుని నాతో అన్న మాట ఇది.

"మాస్టారూ, మీ బొమ్మలో పురుగు నిలబడి ఉంది గదా. ఇక్కడా నిలబడే ఉంది. బొమ్మలో అది నా చెయ్యంత ఉంది. ఇది గింజంత ఉంది. అదీ ఇదీ ఒకటేనని నాకు తెలీలేదు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. సందేహం తీర్చుకుంటున్నట్టుగానే అడిగింది. నేను జవాబు చెప్పకుండా పటకారుతో ఒక పిల్లపురుగును తల దగ్గర పట్టి మెల్లగా పైకి లాగాను. చిన్న సంచిలాగా వచ్చింది. కొసన నీళ్ళు నిండి వేలాడింది. థాయ్ శాక్‌బ్రూడ్. అరవై నాలుగింటిలో పందొమ్మిదో బొమ్మ.

మలేరియా ప్రచారం గురించి పాత హాస్యం ఒకటి మీరు వినే ఉంటారు. గోడంత దోమ బొమ్మను చూసి పల్లెటూరివాళ్ళు "మా ఊళ్ళో ఇంత పెద్ద దోమలు లేవండీ" అన్నారట. దాన్ని తరగతిలో ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను. నవ్వవలసింది ఎవరిని చూసో ఆ రోజు తెలిసింది.

ఈ తెగులు గురించి కాస్త చెప్పాలి. 1976లో థాయ్‌లాండ్‌లో గుర్తించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1978లో మన ఈశాన్య రాష్ట్రాల్లో కనబడింది. 1991-92లో దక్షిణాదికి చేరి కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పెట్టెల్లో పెంచుతున్న జుంటీగల్లో తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టింది. తరతరాలుగా ఇంటి వెనక పెట్టెలు పెట్టుకున్న కుటుంబాలు ఒక్క ఏడాదిలో ఆ పని మానుకున్నాయి. ఎన్నోచోట్ల ఆ ఖాళీలోకి ఇటాలియన్ ఈగ అని మనం పిలిచే మెల్లిఫెరా వచ్చి కూర్చుంది. ఆ జాతిని 1962లో నగ్రోటా బగ్వాన్‌లో తొలిసారి మన దేశంలో నిలబెట్టగలిగారు. ఈ తెగులు దానిని అంతగా బాధించదు. దాని బాధలు వేరు, చెబుతాను.

శాక్‌బ్రూడ్‌కు మందు లేదు. రాణిని రెండు మూడు వారాలు చిన్న పంజరంలో ఉంచి గుడ్లు పెట్టనివ్వకుండా ఆపితే, కొత్త పిల్లలు లేక రోగానికి ఆహారం దొరకదు; ఆలోగా ఈగలు అరలు శుభ్రం చేసుకుంటాయి. తట్టుకుని నిలిచిన పెట్టె నుంచి కొత్త రాణిని తెచ్చుకోవడం మరో ఉపాయం. ఇవన్నీ తొలి పది పిల్లపురుగులు నిక్కినప్పుడు చేస్తే ఫలిస్తాయి. పట్టంతా నిక్కాక చేసేదేమీ లేదు. అంటే మొత్తం వైద్యం చూపులోనే ఉంది. ఆ చూపు నేర్పవలసినవాణ్ణి నేను పేర్లు నేర్పాను.

ఆ మూడో పెట్టె కూడా ఫిబ్రవరిలో పోయింది. నా పెరట్లోవి రెండు పెట్టెలు ఇస్తానని కబురు పెట్టాను. ఆమె వద్దంది. "మీ ఈగలకి ఏముందో మీకే తెలీదు గదా మాస్టారూ" అందట. కబురు తెచ్చిన కుర్రవాడు ఈ మాట చెప్పడానికి చాలా మొహమాటపడ్డాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ తనిఖీ అధికారీ నా బోధన మీద అంత సూటిగా నివేదిక రాయలేదు.

ఆ ఏడాది నుంచి బొమ్మలు మానేశాను. తెర లేదు, ప్రొజెక్టర్ లేదు. మొదటి రెండు రోజులూ రోగమన్న మాట ఎత్తను. ఆరోగ్యంగా ఉన్న పెట్టె తెరిచి, ఇద్దరికొక చట్రం ఇచ్చి, ఇరవై నిమిషాలు మాట్లాడకుండా చూడమంటాను. సూర్యుణ్ణి భుజం వెనక ఉంచుకోవాలి, అప్పుడే వెలుగు అర అడుగుదాకా పడుతుంది. ఈ చిన్న సంగతి నా పాత బొమ్మల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే బొమ్మలో వెలుగు ఎప్పుడూ సరిగానే ఉంటుంది! తరువాత ఏం చూశారో చెప్పమంటాను. వాళ్ళ మాటల్లోనే చెప్పాలి.

గుడ్డు అర అడుగున తెల్ల నూలుపోగు ముక్కలా ఉంటుంది. మొదటి రోజు నిలబడి ఉంటుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజు పడుకుంటుంది. కాబట్టి నిలబడ్డ గుడ్డు కనబడితే రాణిని వెతకనక్కరలేదు. నిన్నో ఇవాళో ఆమె అక్కడికి వచ్చింది. అరకు ఒకటే గుడ్డు ఉండాలి. రెండూ మూడూ గోడలకు అంటుకుని ఉంటే రాణి లేదు, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. లేత పిల్లపురుగు పాల ముత్యంలా మెరుస్తూ అర అడుగున చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. మూతలు వేసిన అరలు పొడిగా, ఒకే రంగులో, కాస్త ఉబ్బి, చేత్తో సర్దిన బిస్కెట్ల వరసలా ఉంటాయి. మధ్య మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఖాళీ ఉంటే ఫరవాలేదు. జల్లెడలా ఉంటేనే ఆలోచించాలి. ఇంతే. ఈ ఇంతను రెండు రోజులు చూస్తారు. రెండో రోజు మధ్యాహ్నానికి విసుగు వస్తుంది. ఆ విసుగే నాకు కావలసింది. ఎందుకంటే చూడడానికి ఇంకేమీ లేదనుకున్నవాడికి, మూడో రోజు మార్పు ఉన్న చట్రం చేతికిస్తే చెప్పకుండానే కళ్ళు అక్కడికి పోతాయి.

పరిమాణం చెప్పడానికి జేబులో గింజలు పెట్టుకుంటాను. మెల్లిఫెరా పెట్టెల్లో ఉండే వర్రోవా పేనును ఆవగింజతో పోలుస్తాను. అదే పరిమాణం, అదే ఎర్ర గోధుమ రంగు, కాకపోతే వేలితో నొక్కినట్టు చదునుగా ఉంటుంది. నిజానికి ఆ పేను మన జుంటీగలకు పాత చుట్టమే. వాటి మగపిల్లల అరల్లో మాత్రమే పెరుగుతూ, అంతకు మించి ఆగడం చేయకుండా వేల ఏళ్ళుగా సర్దుకుపోయింది. మెల్లిఫెరాకు ఆ చుట్టరికం తెలియదు. వాటి పెట్టెల్లో అది కూలి ఈగల అరల్లోకీ దూరి, పెట్టెకు పెట్టెనే పడగొడుతుంది. అందుకే మెల్లిఫెరా పెంచేవాళ్ళకు పంచదార పరీక్ష నేర్పుతాను. రాణి లేకుండా చూసుకుని, సుమారు మూడు వందల ఈగలను సీసాలో పోసి, మెత్తని పంచదార పొడి వేసి దొర్లించి, జాలీ మూతలోంచి తెల్లని కాగితం మీద కుదిపితే పేలు రాలిపడతాయి. లెక్కపెట్టుకోవచ్చు. ఈగలు చావవు, పంచదార నాక్కుంటూ ఇంటికి పోతాయి. పిల్లలకు ఇదొక సంబరం. ఈ పేనుకు దాయాది మరొకటుంది, ట్రొపిలీలాప్స్. కొండతేనె ఈగల మీద నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నువ్వుగింజ కంటే చిన్నగా ఉండి పట్టు మీద గబగబ పరుగెత్తుతుంది. చూడాలంటే చూపు ఒకచోట ఆపి ఉంచాలి, వెతికితే కనబడదు.

శత్రువుల విషయంలో మాత్రం నేను నేర్పేది తక్కువ, వాళ్ళు చెప్పేది ఎక్కువ. చీమలకు స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలని నేను చెప్పేలోగానే వాళ్ళు కొబ్బరి చిప్పలు పట్టుకొస్తారు. పసులపోలిగాడు ఏ కొమ్మ మీద కూర్చుని ఏ వేళకు ఈగల్ని ఏరుకుంటాడో వాళ్ళకు ముందే తెలుసు. కందిరీగ ద్వారం దగ్గర కాపు కాసినప్పుడు జుంటీగలు దాన్ని చుట్టుముట్టి ముద్దకట్టి, తమ ఒంటి వేడినే నలభై ఆరు డిగ్రీల దాకా పెంచి చంపుతాయని చెబితే, ఒక ముసలాయన "ఔను, ఆ ముద్ద పట్టుకుంటే చెయ్యి కాలుద్ది" అన్నాడు. నేను ఎన్నడూ పట్టుకోలేదు.

తెగులును గుర్తించడం ఎంత అవసరమో, తెగులు కానిదాన్ని వదిలేయడం అంత అవసరం. కొత్తవాళ్ళ భయాల్లో సగం ఉత్తవి. జుంటీగల మగపిల్లల అరల మూతల మీద నడి మధ్యన సూదిబెజ్జం ఉంటుంది. అది ఆ జాతి లక్షణం. కాని 'మూతకు రంధ్రం ఉంటే రోగం' అని ఎక్కడో విన్నవాడు ఆ మూతలు చూసి పట్టు మొత్తం కోసి తగలబెడతాడు. మధ్యాహ్నం పూట పెట్టె ముందు ఈగలు గుంపుగా లేచి ఊగుతుంటే దోపిడీ అని గాభరాపడతారు. తీరా చూస్తే అవి కొత్తగా పుట్టిన ఈగలు, ఇంటి గుర్తులు నేర్చుకుంటున్నాయి. దోపిడీ అయితే ద్వారం దగ్గర కుమ్ములాట ఉంటుంది, నున్నగా నల్లబడిన ఈగలు పక్కల సందుల్లోంచి దూరడానికి చూస్తాయి. ఇక వరసగా నాలుగైదు అరలకు మూతలు లేకుండా లోపల బతికున్న పిల్లల తలలు కనబడితే అది పిల్లల జబ్బు కాదు. ఆ వరస కింద మైనపు పురుగు నడిచిపోయింది, సొరంగం తవ్వి దాన్ని పట్టుకోవాలి. అడుగుపలక మీద నల్ల ఆవపొడిలాంటి పెంట పడి ఉంటే మరీ అనుమానం లేదు. వారానికోసారి అడుగుపలక గీకండి అన్న ఒక్క ముక్క, నా పాత అరవై నాలుగు బొమ్మల కంటే ఎక్కువ పెట్టెల్ని కాపాడింది.

ముక్కును కూడా వాడమంటాను. పిల్లపురుగు మూత వేయకముందే మెలికలు తిరిగి పసుపుపచ్చగా చచ్చి, పుల్లటి వాసన వస్తే అది యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ అనే బాక్టీరియా తెగులు. మూత వేశాక చచ్చి, మూత లోపలికి కుంగి, అగ్గిపుల్ల గుచ్చి తీస్తే జిగురు తీగలా సాగితే అది అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. దాని బీజాలు కొయ్యలో దశాబ్దాలు బతికి ఉంటాయి కాబట్టి అలాంటి చట్రాల్ని కాల్చడం తప్ప దారి లేదు. ఇది నేను స్వయంగా ఎప్పుడూ చూడలేదు. అందుకని అగ్గిపుల్ల పరీక్ష నేర్పి ఊరుకుంటాను, చూసినట్టు నటించను.

పేర్లు ఇప్పుడు నాలుగో రోజు సాయంత్రం వస్తాయి. అప్పటికే వాళ్ళ పేర్లు వాళ్ళు పెట్టుకుని ఉంటారు. శాక్‌బ్రూడ్‌ను 2018 బృందంలో ఒక అమ్మాయి 'దోనె జబ్బు' అంది. పిల్లపురుగు వెల్లకిలా సాగి, తల పైకెత్తి, ముక్కు లేచిన దోనెలా కనబడుతుంది గనుక. ఆ చుట్టుపక్కల ఇప్పుడు అందరూ అదే అంటారు. నా నోట్సులో కూడా అదే రాసుకున్నాను.

ఆమె సంగతి. 2018 వానాకాలం తరువాత ఆమె ఇంటి వెనక బోర్లించిన పాత కుండలోకి ఒక ఈగల గుంపు దానంతట అదే వచ్చి చేరింది. ఒక ఏడాది దాన్ని ముట్టుకోలేదట. రోజూ చూసిందట, అంతే. తరువాత పాత పెట్టెల్ని గీకి, మంటతో లోపలంతా కాల్చి, నెలరోజులు ఎండబెట్టి, అప్పుడు ఈగల్ని పెట్టెలోకి మార్చింది. ఇప్పుడు ఏడు పెట్టెలున్నాయి. నేను పిలిస్తే శిక్షణకు వస్తుంది. వచ్చినా మాట్లాడేది తక్కువే. చట్రం చేతికిచ్చి పక్కన నిలబడుతుంది.

2023 నవంబరులో బాగా చలి పట్టిన ఒక ఉదయం, ఒక కుర్రాడు చట్రం చూసి "దోనె! దోనె!" అని అరిచాడు. అందరూ మూగారు. నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. అంచు వెంబడి పదిహేను ఇరవై పిల్లపురుగులు చచ్చి బూడిదరంగుకు తిరిగాయి. నాకూ దోనె అనే తోచింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె చట్రం అందుకుని ఎండకు తిప్పింది.

"దోనె కాదు. తల ఎత్తలేదు. నడిమిన ఒక్కటీ చావలేదు, అంచునే చచ్చాయి. చిన్నవీ పెద్దవీ కలిసి చచ్చాయి. రాత్రి చలికి ఈగలు నడిమికి ముద్దకట్టేసుంటాయి, అంచుకి చాల్లేదు."

పటకారుతో ఒకదాన్ని లాగాను. సంచి రాలేదు, తెగి ముక్కలైంది. చలికి చచ్చిన పిల్లలే. ఆమె నన్నేమీ అనలేదు. ఆ పెట్టెలో ఈగలు కప్పలేని చట్రం ఒకటి తీసేసి, మిగిలినవి దగ్గరకు జరిపి, ద్వారం సగానికి చెక్కముక్కతో మూసి, మూత మీద గోనెసంచి మడిచి పరిచింది. ఆ పెట్టె ముట్టుకున్న చేతులతో ఇంకో పెట్టె ముట్టుకోవద్దని, అందరినీ చేతులు కడుక్కు రమ్మని కేకేసింది. రోగం కాదన్నావు కదమ్మా అంటే, "అయినా కడుక్కోండి మాస్టారూ, అన్నాలు చల్లారిపోతన్నాయి" అంది.